నాయనమ్మ చెప్పింది నిజమే: మన సీసీ కెమెరాలు, వాటి డిఫాల్ట్ పాస్‌వర్డ్‌లు

"ఆ డబ్బ నా దిక్కే తిరుగుతున్నది బిడ్డా." మా నాయనమ్మ ఈ మాట నాలుగు రోజులు వరుసగా చెప్పింది. నాలుగు రోజులూ నేను నవ్వి ఊరుకున్నాను. ఎనభై దాటిన మనిషి కదా, రాత్రి నిద్ర సరిగ్గా ఉండదు, ఏదో భ్రమ అనుకున్నాను. ఐదో రోజు చెక్ చేశాను. నాయనమ్మ చెప్పింది నిజమే.

అందరికీ నమస్తే. ఈ వారం వేరే టాపిక్ అనుకున్నాను కానీ, దీన్ని ఇంక వాయిదా వేయలేను. ఈ ఎపిసోడ్ మొత్తం సీసీ కెమెరాల గురించి, వాటి పాస్‌వర్డ్ గురించి. మీ ఇంట్లో, షాపులో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒక్క కెమెరా ఉన్నా చివరిదాకా చూడండి. ఇందులో తప్పు ఎవరిదో ముందే చెప్పేస్తాను. తప్పు నాది. బీటెక్ కంప్యూటర్ సైన్స్ చదివి, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీలో కోడ్ రాసినవాణ్ని, నేనే నా చేతులతో పెట్టిన కెమెరా అది.

జరిగింది ఇది. మా ఇల్లు పాతబస్తీలో, గౌలిపుర వైపు. నాయనమ్మ ముందు గదిలో పడుకుంటుంది. పగలు అందరం పనుల మీద పోతాం. ఆమె పడిపోతే ఎట్లా అని, రెండు వేల రూపాయల్లో వచ్చే గుండ్రంగా తిరిగే వైఫై కెమెరా ఒకటి కొన్నాను. యాప్‌కి మంచి గట్టి పాస్‌వర్డ్ పెట్టాను, ఓటీపీ కూడా పెట్టాను. అంతా సేఫ్ అనుకున్నాను. మా అన్న దోహాలో ఉంటాడు. "యాప్‌లో వీడియో ఆగి ఆగి వస్తుందిరా, నాయనమ్మను సరిగ్గా చూడలేకపోతున్నా" అన్నాడు. దానికి నేను ఏం చేశానంటే, రూటర్‌లో ఒక పోర్టు తెరిచి, బయటి నుంచి నేరుగా కెమెరాకే కనెక్ట్ అయ్యేలా పెట్టాను. వీడియో సూపర్‌గా వచ్చింది. అన్న ఖుష్.

కానీ యాప్ పాస్‌వర్డ్ వేరు, కెమెరా పాస్‌వర్డ్ వేరు. యాప్ పాస్‌వర్డ్ కంపెనీ సర్వర్‌లో మీ అకౌంట్‌ది. కెమెరా లోపల దానికంటూ ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది, దానికి సొంత లాగిన్ ఉంటుంది. నా కెమెరాలో ఆ లాగిన్ యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ 123456. కంపెనీ నుంచి ఎట్లా వచ్చిందో అట్లాగే ఉంది. నాకు ఆ సంగతి తెలుసు కూడా. "తర్వాత మారుస్తా" అనుకున్నాను. ఆ "తర్వాత" పద్నాలుగు నెలలు రాలేదు.

కెమెరా లాగ్ తీసి చూస్తే, మా ఇంటివీ కాని, అన్నవీ కాని అడ్రస్‌ల నుంచి లాగిన్‌లు ఉన్నాయి. ఒకటైతే అర్ధరాత్రి దాటాక నలభై నిమిషాలు. నాయనమ్మ చీర మార్చుకునేది ఆ గదిలోనే. ఇంతకు మించి నేను చెప్పను, మీకు అర్థమవుతుంది.

ఇప్పుడు ఇది మా ఒక్కరి ఇంటి కథ ఎందుకు కాదో చూద్దాం.

మన సిటీలో ఇన్ని కెమెరాలు ఎట్లా వచ్చాయి? 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయి. అదే సంవత్సరం ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది. ఒకేసారి 100 మంది గానీ, రోజు మొత్తంలో 500 మంది గానీ వచ్చే అవకాశం ఉన్న చోట్ల, అంటే షాపులు, ఆసుపత్రులు, కాలేజీలు, ప్రార్థనా స్థలాలు లాంటి వాటిలో, కెమెరాలు పెట్టాలి, రికార్డింగ్ 30 రోజులు ఉంచాలి. తెలంగాణ వచ్చాక కూడా ఆ చట్టం కొనసాగింది. తర్వాత పోలీసులు "నేను సైతం" అని కార్యక్రమం పెట్టి, కాలనీవాళ్లు, వ్యాపారులు డబ్బులు వేసుకొని గల్లీల్లో కెమెరాలు పెట్టుకునేలా ప్రోత్సహించారు. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో పెద్ద కమాండ్ కంట్రోల్ సెంటర్ మొదలైంది. కేసులు పట్టుకోవడంలో కెమెరాలు పనికొస్తాయి, నేను కాదనడం లేదు. పోయిన ఏడాది మా గల్లీలో దొంగిలించిన బండి దొరికింది కూడా ఒక కిరాణా షాపు కెమెరా వల్లే.

కాకపోతే చట్టం ఏం చెప్పింది? కెమెరా పెట్టు, 30 రోజులు దాచు. దానికి తాళం ఎట్లా వేయాలో గల్లీలో ఎవరూ చెప్పలేదు.

కెమెరా ఎట్లా వస్తుందో మీకు తెలుసు. కోఠి గుజరాతీ గల్లీకి పోతాం. నాలుగు కెమెరాలు, ఒక డీవీఆర్, ఒక హార్డ్ డిస్క్, వైరు కట్ట, ప్యాకేజీ రేటు. టెక్నీషియన్ వస్తాడు, గంటా రెండు గంటల్లో గోడకు బిగించి, మన ఫోన్‌లో యాప్ పెట్టి, "అయిపోయింది భాయ్" అని పోతాడు. పాస్‌వర్డ్ ఏందని మనం అడగం, ఆయన చెప్పడు. లాడ్‌బజార్‌లో గాజుల షాపు ఉన్న నా ఫ్రెండ్‌ను అడిగాను, నీ డీవీఆర్ పాస్‌వర్డ్ ఏంది అని. "అరె భాయ్, వో తో కెమెరా వాలే కో మాలూమ్" అన్నాడు. షాపు వీడిది, తాళంచెవి కెమెరా వాడి దగ్గర.

ఆ టెక్నీషియన్‌ను కూడా నేను తిట్టను. ఆయనకు ఉన్న కష్టం వేరే. ఈ నెల నలభై చోట్ల బిగిస్తాడు. ఆరు నెలల తర్వాత కస్టమర్ ఫోన్ చేసి "ఫోన్ మార్చాను, కెమెరా రావట్లేదు" అంటాడు. పాస్‌వర్డ్ కస్టమర్‌కి గుర్తుండదు. ప్రతి చోటా వేరే పాస్‌వర్డ్ పెడితే, ఆయన ఎన్ని గుర్తుపెట్టుకోవాలి? అందుకే అన్ని చోట్లా ఒకటే పెడతాడు.

ఇక్కడ రెండు రకాల డిఫాల్ట్‌లు ఉన్నాయని గమనించండి. ఒకటి కంపెనీ డిఫాల్ట్: పాత మోడళ్లలో అడ్మిన్ అడ్మిన్, 12345, 888888 లాంటివి. ఇప్పుడు పెద్ద బ్రాండ్లు చాలావరకు మొదటిసారి ఆన్ చేయగానే కొత్త పాస్‌వర్డ్ పెట్టనిదే ముందుకు పోనివ్వవు. మంచిదే. కానీ అప్పుడు రెండోది వస్తుంది, టెక్నీషియన్ డిఫాల్ట్. అడ్మిన్ ఎట్ 123, లేదా ఆయన షాపు పేరు, లేదా మీ ఫోన్ నంబర్. మిషన్ "స్ట్రాంగ్ పాస్‌వర్డ్" అని ఆకుపచ్చ గీత చూపిస్తుంది. కానీ ఆయన బిగించిన ఇళ్లన్నిటికీ తాళంచెవి ఒకటే. ఒక ఇంట్లో తెలిసిందంటే అన్ని ఇళ్లూ తెరుచుకుంటాయి.

"సరే అన్నా, నా గల్లీలో నా ఇల్లు, నా కెమెరా ఉందని ఎవనికి తెలుస్తుంది?" అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. జవాబు ఏందంటే, మీరెవరో వాడికి తెలియాల్సిన పనే లేదు. మీ ఇంటి కోసం ఎవరూ వెతకరు. అన్ని ఇళ్ల తలుపులూ తోసి చూస్తారు, తెరుచుకున్న దాంట్లోకి పోతారు. ఇంటర్నెట్‌లో అడ్రస్‌లు అంటే అంకెలే. ఆ అంకెలన్నీ ఒక ప్రోగ్రామ్ వరుసగా తట్టుకుంటూ పోతుంది. షోడాన్ అని ఒక సెర్చ్ ఇంజన్ 2009 నుంచి ఉంది, అది వెబ్‌సైట్లను కాదు, ఇంటర్నెట్‌కి కనెక్ట్ అయిన పరికరాలను వెతుకుతుంది. 2014లో ఒక వెబ్‌సైట్ వార్తల్లోకి వచ్చింది. డిఫాల్ట్ పాస్‌వర్డ్‌తో వదిలేసిన కెమెరాలు, దాదాపు 73,000, ప్రపంచం నలుమూలల నుంచి లైవ్‌లో చూపించింది. హ్యాకింగ్ అని పెద్దగా ఏమీ లేదు. పెట్టెతో వచ్చిన కాగితం మీద ఉన్న పాస్‌వర్డ్ కొట్టారు, అంతే.

తర్వాత 2016. మిరాయ్ అని పేరు వినే ఉంటారు. అమెరికాలో ముగ్గురు కుర్రాళ్లు రాసిన ప్రోగ్రామ్. మైన్‌క్రాఫ్ట్ గేమ్ సర్వర్ల వ్యాపారంలో పోటీవాళ్లను పడగొట్టడానికి ఇట్లాంటివి మొదలుపెట్టారు. మిరాయ్ లోపల ఉన్నది ఒక చిన్న జాబితా: 60కి పైగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు. చాలావరకు కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్ల డిఫాల్ట్‌లే. ఆ జాబితా పట్టుకొని తలుపులు తట్టుకుంటూ పోయింది. మొదటి 20 గంటల్లోనే దాదాపు 65,000 పరికరాలు దాని చేతిలోకి వచ్చాయి. 2016 అక్టోబర్ 21న అట్లాంటి పరికరాలన్నీ ఒకేసారి డిన్ అనే కంపెనీ మీద పడితే, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ గంటల తరబడి ఆగిపోయాయి. ఆ ముగ్గురూ 2017 డిసెంబర్‌లో కోర్టులో నేరం ఒప్పుకున్నారని బయటికి వచ్చింది.

ఇందులో మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటి ఉంది. మిరాయ్ పట్టుకున్న కెమెరా మామూలుగానే పనిచేస్తుంది. వీడియో వస్తుంది, రికార్డింగ్ అవుతుంది. యజమానికి ఏమీ తెలియదు. ఇంకోటి, అది మెమరీలోనే ఉంటుంది కాబట్టి కరెంట్ తీసి పెడితే పోతుంది. కానీ పాస్‌వర్డ్ మార్చకపోతే నిమిషాల్లో మళ్లీ వచ్చి కూర్చుంటుంది. "ఆఫ్ చేసి ఆన్ చేశాను, అయిపోయింది" అనుకునేవాళ్లకు ఇది చెప్పండి.

ఇదంతా విదేశాల ముచ్చట అనుకోకండి. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి వీడియోలు బయటపడ్డాయి. డాక్టర్ దగ్గరికి పరీక్ష కోసం వచ్చిన ఆడవాళ్ల వీడియోలు. యూట్యూబ్‌లో చిన్న ముక్క పెట్టి, టెలిగ్రామ్‌లో మొత్తం అమ్మారు. విచారణలో తేలిందేందంటే, ఆ ఒక్క ఆసుపత్రే కాదు, దేశంలో చాలా ఊళ్ల నుంచి, ఆసుపత్రులు, స్కూళ్లు, ఆఫీసులు, ఇళ్ల నుంచి వేల క్లిప్పులు తీశారు. వార్తల్లో వచ్చిన ప్రకారం ఆ ఆసుపత్రి పాస్‌వర్డ్ "అడ్మిన్123". ఎవరో డాక్టర్ దగ్గరికి నమ్మకంతో పోయారు. ఆమెకు ఆ గదిలో కెమెరా ఉందో లేదో కూడా తెలియదు. ఇక దాని పాస్‌వర్డ్ గురించి ఆమె ఏం చేయగలదు? అందుకే అంటున్నాను, కెమెరా మీది కావచ్చు, కానీ అందులో కనిపించే మనుషులు మీ సొత్తు కాదు.

మన దగ్గర కూడా. 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటా, తర్వాత టీఎస్ కాప్ యాప్ డేటా లీక్ అయ్యాయి. అది కెమెరా కేసు కాదు, కానీ జబ్బు అదే. యాప్ లోపలే పాస్‌వర్డ్ అందరికీ కనిపించేలా మామూలు అక్షరాల్లో రాసి ఉందని పరిశోధకులు చెప్పారు. ఆ డేటా అమ్మకానికి పెట్టినవాడు ఆన్‌లైన్‌లో పెట్టుకున్న పేరులో కూడా "అడ్మిన్" ఉంది, చూడండి! పోలీసులకే ఇట్లా అయితే, మన గాజుల షాపు, మన ట్యూషన్ సెంటర్ సంగతి ఆలోచించండి.

ప్రభుత్వం ఏమీ చేయలేదా అంటే, చేసింది. కేంద్రం 2024 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు ఇచ్చింది, అవి 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో సెక్యూరిటీ పరీక్ష జరగాలి. ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ అని మీరు దుకాణంలో అడగొచ్చు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకటే డిఫాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి అమ్మడమే చట్టవిరుద్ధం. కానీ ఈ రూల్స్ అన్నీ కొత్తగా అమ్మే వాటికి. మన గోడ మీద ఐదేళ్ల నుంచి ఉన్నదాన్ని మార్చడానికి ఢిల్లీ నుంచి ఎవరూ రారు. మనమే మార్చుకోవాలి.

సరే, పనిలోకి వద్దాం. ఇవాళ రాత్రి ఒక అరగంట చాలు.

మొదటిది, చెక్ చేయడం. ఇంటి వైఫైలో ఉన్నప్పుడు గూగుల్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని కొట్టండి. అంకెలు వస్తాయి, రాసుకోండి. ఇప్పుడు ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో బ్రౌజర్‌లో ఆ అంకెలు కొట్టండి. కెమెరా లాగిన్ పేజీ గానీ రూటర్ పేజీ గానీ వచ్చిందంటే, అది మీకే కాదు, లోకం మొత్తానికి కనిపిస్తున్నట్టే. ఏమీ రాకపోతే పూర్తిగా సేఫ్ అని కాదు, వేరే పోర్టులో తెరిచి ఉండొచ్చు. కానీ మొదటి పరీక్ష ఇది. ఒక మాట: ఇది మీ సొంత అడ్రస్ మీదే చేయండి. పక్కవాళ్ల కెమెరాలోకి సరదాకి లాగిన్ అయినా ఐటీ చట్టానికి విరుద్ధమే, దురుద్దేశం ఉంటే మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.

రెండోది, పాస్‌వర్డ్ మార్చడం. యాప్‌ది కాదు, డీవీఆర్‌ది, కెమెరాది. డీవీఆర్‌కి టీవీ, మౌస్ పెట్టి, మెనూలో యూజర్ మేనేజ్‌మెంట్‌లోకి పోండి. పొడుగ్గా ఉండాలి, కనీసం పన్నెండు అక్షరాలు. సంబంధం లేని మూడు మాటలు తీసుకోండి, పచ్చిపులుసు, సైకిల్, జనవరి, ఇట్లా, ఇంగ్లీష్ అక్షరాల్లో, మధ్యలో ఏదో అంకె. ఇది నేను చెప్పేశాను కాబట్టి ఇదే పెట్టకండి! కొన్ని పాత డీవీఆర్‌లు అంత పొడుగు తీసుకోవు, అది తీసుకున్నంత పెట్టండి. గుర్తుండదంటే కాగితం మీద రాసి, ఇంటి కాగితాలతో పాటు బీరువాలో పెట్టండి. బీరువా తెరిచే దొంగ వేరు, ఇంటర్నెట్ దొంగ వేరు. డీవీఆర్ మీద స్టిక్కర్ అంటించి మాత్రం రాయకండి.

మూడోది, అదే మెనూలో ఇంకా ఎవరెవరి పేర్లు ఉన్నాయో చూడండి. కొన్ని పాత డీవీఆర్‌లలో అడ్మిన్‌తో పాటు 888888, 666666 అని వేరే అకౌంట్లు కూడా ఉంటాయి. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి ఇవి వదిలేస్తే ముందు తలుపు వేసి దొడ్డి తలుపు తెరిచినట్టే. తీసేయగలిగితే తీసేయండి, లేకపోతే వాటి పాస్‌వర్డ్‌లు కూడా మార్చండి. ఇంట్లోవాళ్లకు అడ్మిన్ ఇవ్వకండి, చూడటానికి మాత్రమే వీలయ్యే అకౌంట్ వేరేగా చేసి ఇవ్వండి.

నాలుగోది రూటర్. నేను చేసిన తప్పు ఇక్కడే. పోర్ట్ ఫార్వర్డింగ్‌లో మీరు పెట్టనివి ఏమైనా ఉంటే తీసేయండి. యూపీఎన్‌పీ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే పరికరాలు మిమ్మల్ని అడగకుండానే పోర్టులు తెరుచుకుంటాయి. ఆఫ్ చేయండి. రూటర్ పాస్‌వర్డ్ కూడా అడ్మిన్ అడ్మిన్ అయి ఉంటుంది, మార్చండి. వీలైతే కెమెరాలను గెస్ట్ వైఫైలో పెట్టండి. అప్పుడు కెమెరా పోయినా మీ ల్యాప్‌టాప్ దాకా రాలేరు. "మా నెట్‌లో పోర్టు తెరవడమే కుదరదు" అంటారు కొందరు, నిజమే, చాలా కనెక్షన్లలో కుదరదు. కానీ యాప్ ద్వారా, డబ్బా మీద ఉన్న క్యూఆర్ కోడ్, సీరియల్ నంబర్‌తో కూడా కెమెరా దొరుకుతుంది. అప్పుడు మధ్యలో ఉన్న ఒక్క తాళం పాస్‌వర్డే. ఆ స్టిక్కర్ ఫొటో ఎవరికీ వాట్సాప్‌లో పంపకండి.

ఐదోది, ఫర్మ్‌వేర్ అప్‌డేట్. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా, సాఫ్ట్‌వేర్‌లోనే కన్నం ఉంటే పనికిరాదు. పేరున్న బ్రాండ్లలో కూడా పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి పోనిచ్చే లోపాలు బయటపడ్డాయి. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబర్ కొట్టి అప్‌డేట్ ఉంటే వేయండి. కంపెనీయే లేదు, అప్‌డేటూ రాదు అంటే, ఒక్క పని చేయండి: డీవీఆర్ వెనక నుంచి ఇంటర్నెట్ వైరు పీకేయండి. రికార్డింగ్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు! హార్డ్ డిస్క్‌లో 30 రోజులు అట్లాగే పడి ఉంటుంది. ఫోన్‌లో చూడటం పోతుంది, అంతే. షాపు మూసి ఇంటికి పోయాక మీరు రోజూ ఎన్నిసార్లు చూస్తున్నారో నిజాయితీగా ఆలోచించుకొని చేయండి.

టెక్నీషియన్ అన్నలకు ఒక్క మాట. మీరు ఈ వీడియో చూస్తుంటే, పోయే ముందు కస్టమర్ చేతికే మౌస్ ఇచ్చి పాస్‌వర్డ్ పెట్టించండి. మీరు పక్కకు తిరగండి. రెండు నిమిషాల పని. రేపు ఎవరి వీడియో అయినా బయటికి వస్తే, పాస్‌వర్డ్ తెలిసిన మొదటి మనిషి మీరే అవుతారు. ఇది మీ మంచికే చెప్తున్నా.

ఏదైనా జరిగిందని అనుమానం వస్తే, కెమెరాను వెంటనే రీసెట్ చేయకండి. రీసెట్ చేస్తే లాగ్ పోవచ్చు, పైగా పాత డిఫాల్ట్ పాస్‌వర్డ్ మళ్లీ వస్తుంది. ముందు నెట్ వైరు తీయండి, లాగ్ ఫొటోలు తీసుకోండి, తర్వాత 1930కి ఫోన్ చేయండి లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టండి. నేనూ పెట్టాను. ఆ అడ్రస్‌లు వీపీఎన్ వెనక ఉన్నవి. ఎవరో ఇంకా తెలియలేదు. తెలియకపోవచ్చు కూడా.

మా నాయనమ్మకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. చెప్తే భయపడుతుందేమో అనుకున్నాను. చివరికి పక్కన కూర్చొని అంతా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేను చెప్తే ఇనకపోతివి కదరా" అన్నది. అంతే. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ఆ గదిలో కెమెరా లేదు. తలుపు బయట ఒకటి ఉంది, పాస్‌వర్డ్ మార్చినది. నాయనమ్మ మంచం పక్కన వైర్‌లెస్ కాలింగ్ బెల్ పెట్టాను, మూడు వందల యాభై రూపాయలు. పగలు పక్కింటి అత్తమ్మ దగ్గర దాని బజర్ ఉంటుంది. నొక్కితే ఆమె వస్తుంది. ఈ పని మొదట్లోనే చేయొచ్చు. పడకగదిలో, బట్టలు మార్చుకునే చోట కెమెరా పెట్టే ముందు, దీనికి కెమెరానే కావాలా అని ఒక్కసారి అడుక్కోండి. ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు ఏదైనా తేడాగా ఉందంటే, నాలుగు రోజులు ఆగకండి.

ఈ వీడియోను లైక్ చేయకపోయినా ఫర్వాలేదు. ఇప్పుడే లేచి, మీ డీవీఆర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. వచ్చే వారం కలుద్దాం. ఉంటాను మరి.